స్కీ అడిగిన బరువు

ఎదురింటి అన్నయ్యగారు పోయారు. ఆదివారం పొద్దున డ్రైవ్‌వేలో మంచు తీసి లోపలికి వచ్చి, సోఫాలో కూర్చున్నవారు మళ్లీ లేవలేదు. వాళ్లావిడ ఫోన్ చేసేసరికి నేను గిన్నెలు తోముకుంటున్నాను. "మీ అన్న లేడు వదినా" అంది. కుళాయి కట్టేసి అక్కడే నిలబడిపోయాను. ఏడుపు కూడా వెంటనే రాలేదు. మిన్నెసోటా చలికాలం సగానికి వచ్చేసరికి మనిషిలో దుఃఖపడే ఓపిక కూడా మిగలదు.

ఆయనది కరీంనగర్, మాది తెనాలి. చుట్టరికం ఏమీ లేదు. మేం ఈ ఇంట్లో దిగిన రోజే "చెల్లె" అని పిలిచారు, అంతటితో వరస ఖాయమైపోయింది. పగలు డేటాబేస్ ఉద్యోగం, సాయంత్రం హైస్కూల్ క్రాస్‌కంట్రీ స్కీ టీమ్‌కి, అంటే కాళ్లకు పొడవాటి పలకలు కట్టుకుని మంచు మీద ఎగుడుదిగుడుల్లో పరుగుపందేలాడే పిల్లలకి, వలంటీర్ కోచ్. నలభై దాటాక నేర్చుకున్న విద్య అది. బొర్ర బాగానే ఉండేది. దాన్ని వేసుకుని గంటల తరబడి మంచులో తిరిగి వచ్చేవారు. "నా బీఎంఐ చూస్తే డాక్టర్‌కే బీపీ వస్తది" అనేవారు.

ఆయన గరాజ్‌లో ఎప్పుడూ కరిగిన మైనం వాసన. స్కీల అడుగున మైనం పట్టిస్తూ, ఏ పిల్ల వచ్చినా "తిన్నవా?" అని అడిగేవారు. తిన్నానంటే నమ్మేవారు కాదు. "ఏం తిన్నవ్?" అని రెండో ప్రశ్న ఉండేది. పక్కనే పల్లీపట్టీల డబ్బా.

మా అమ్మాయి శ్రావ్య టెన్త్ గ్రేడ్‌లో ఆ టీమ్‌లో చేరింది. బరువు తక్కువుంటే కొండ ఎక్కడం తేలికని ఎవరన్నారో, ఎక్కడ చదివిందో తెలియదు. రెండో ఏడాదికి అన్నం మానేసింది, తర్వాత రొట్టె కూడా. మనవాళ్ల పార్టీల్లో సంగతి తెలిసిందే కదా, గులాబ్‌జామ్ కప్పు చేత్తో పట్టుకుని, ఎత్తుకు బరువు ఎంతుందో లెక్కగట్టే బీఎంఐలు చెప్పుకుంటాం. "ఎంత స్లిమ్ అయ్యావే, మా వాడికీ చెప్పు" అని ప్రతి ఆంటీ మెచ్చుకుంది. క్లినిక్‌లో చూస్తే ఆ నంబరు నార్మల్ అనే వచ్చింది. పిల్ల మాత్రం రేసుల్లో వెనకబడుతూ వచ్చింది.

ఒక సాయంత్రం స్కీలు పట్టుకుని ఆయన గరాజ్‌కి వెళ్లాం.

"స్కీస్ స్లిప్ అవుతున్నాయి అంకుల్. వాక్స్ ప్రాబ్లమ్ అనుకుంటా" అంది.

"వాక్స్ కాదు బిడ్డా. స్కీ ఎక్కి ఒంటికాలి మీద నిలబడు."

స్కీ మధ్యభాగం నేలకు ఆనకుండా కాస్త పైకి వంగి ఉంటుంది. ఒక కాలి మీద బరువంతా వేస్తే అది అణగాలి. అప్పుడే మంచులో పట్టు దొరుకుతుంది. అందుకే ఎవరి బరువుకు తగ్గ స్కీ వాళ్లకు ఎంచుతారు. అన్నయ్యగారు వంగి ఒక పల్చటి కాగితం దాని కిందికి తోశారు. అది అక్కడ ఇరుక్కుపోవాలి. శ్రావ్య నిలబడే ఉంది, కాగితం ఇటునుంచి అటు జారిపోయింది.

"పోయినేడు నీ బరువు చూసే తీసుకున్నం. స్కీ ఏం మారలే."

"అయితే తక్కువ బరువుకే అణిగే సాఫ్ట్‌వి ఇవ్వండి. లైట్‌గా ఉంటే మంచిదే కదా."

"ఇయ్య. మళ్ల దీనికి సరిపోయేదాక నీకు రేసు లేదు."

హెడ్ కోచ్ కూడా ఆయన మాటే ఖాయం చేశాడు. పిల్ల ఆ చలికాలమంతా ఆయనతో మాట్లాడలేదు. మావారు రోడ్డు దాటి వెళ్లి, "నంబరు నార్మల్ వచ్చింది కదా, ఇదేం పట్టుదల" అని గట్టిగానే అడిగారు.

"ఆ నంబరు మందిని చూసి పెట్టింది బావా, మన పిల్లను చూసి కాదు. ఒకసారి చేతులు ముట్టుకొని చూడు, ఎప్పుడు సల్లగనే ఉంటున్నయ్" అన్నారు.

ఇంకో ప్రశ్న తాను అడగలేక వాళ్లావిడను పంపారు. శ్రావ్యకు నెలసరి ఆగి చాలాకాలమైందని ఆరోజు తెలిసింది నాకు. తర్వాత డాక్టర్లు, డైటీషియన్, కంచం ముందు యుద్ధాలు. ఇంక బాగయిపోయింది అనుకునే రోజంటూ ఉండదు దీనికి. అలిసిపోయాం అందరం.

మరుసటి ఏడాది మొదటి రేసులో ఎక్కడో మధ్యలో వచ్చింది. అన్నయ్యగారు రిజల్ట్ బోర్డు దగ్గరికి వెళ్లలేదు. పిల్ల గ్లౌజ్ తీసి వేళ్లు పట్టుకుని, "వెచ్చగున్నయ్" అని నాకేసి చూశారు. ఆయన నా కూతుర్ని నాకు తిరిగి ఇచ్చారు. ఈ మాట ఆయనకు చెప్పాననే అనుకుంటున్నాను.

నిన్న వాళ్లింట్లో పన్నెండో రోజు భోజనాలు. శ్రావ్య కాలేజీ నుంచి మంచులో డ్రైవ్ చేసుకుని వచ్చింది. నా పక్కన కూర్చుని తింటుంటే వెనక ఎవరో, "వెయిట్ తగ్గించుకుని ఉంటే బతికేవాడు. బీఎంఐ ఎంత ఉండేదో ఏమో" అన్నారు. నిజమే కావచ్చు. పొట్ట గుండెకు మంచిదని ఆయనా ఎప్పుడూ అనలేదు. కానీ ఆ మాట పిల్ల చెవిన పడింది. తింటున్న చేయి ఆగింది. నేనేమన్నా తప్పే అవుతుందని తెలుసు.

ఇంతలో అన్నయ్యగారి సొంత చెల్లెలు అన్నం గిన్నెతో మా దగ్గరికి వచ్చింది.

"ఇంకింత పెట్టాల్నా బిడ్డా, చాలా?"

"పెట్టండి ఆంటీ" అని శ్రావ్య పళ్లెం ముందుకు చాపింది. ఆమె గరిటెడు అన్నం పెట్టింది. కాగితం పళ్లెం వంగుతుంటే పిల్ల రెండో చేయి కూడా దాని కింద పెట్టి పట్టుకుంది.