మెట్ల మీద నుంచి పడినాయన

పై ఫ్లాట్‌లో అప్పుడప్పుడు ఏదో దబ్బున పడుతుంది. ఆ చప్పుడుకు ముందు నా నడుం ఉలిక్కిపడుతుంది, ఆ తర్వాతే నేను. వెంటనే రాజప్ప అంకుల్ గుర్తొస్తారు.

ఇంగ్లండులోని కోవెంట్రీకి వచ్చి నేను మొదట పనికి చేరిన వృద్ధుల కేర్ హోమ్‌లో ఆయన ఉండేవారు. కోలారు మనిషి, ఇంట్లో మాట తెలుగే. వయసులో ఉండగా బెంగళూరులో సినిమా హీరోల బదులు దెబ్బలు తినడం, ఎత్తు నుంచి పడటం ఆయన ఉద్యోగం. కాకినాడలో చిన్నప్పుడు నేను చూసిన ఒక తెలుగు ఫైటింగ్ సినిమాను కన్నడంలో మళ్లీ తీశారు. అందులో హీరో మెట్ల మీద నుంచి కిందిదాకా దొర్లిపడతాడు. ఆ మాట ఎత్తితే, "ఆ మెట్లు నేనూ దిగినానమ్మా, కాళ్లతో కాదు" అన్నారు.

డైరెక్టరు ఆయనకు తెలుగు సీను పదేపదే చూపించి, అచ్చం అలాగే పడాలన్నాడట. అలాగే పడ్డారు. తుంటి విరిగింది, మూడు నెలలు మంచం. ఏళ్ల తర్వాత ఆ తెలుగు సినిమాకు పనిచేసినతను కనబడి అసలు సంగతి చెప్పాడు. అక్కడ మెట్ల మీద నుంచి తోసింది చొక్కా ప్యాంటు తొడిగిన దూది బొమ్మను. అంకుల్ ఇది నవ్వుతూ చెప్పేవారు. నాకు నవ్వు వచ్చేది కాదు.

ఎవరినైనా లేపాలంటే ఇద్దరుండాలన్న రూలు మా గోడ మీద ఉండేది. రోటాలో, అంటే డ్యూటీల పట్టికలో మాత్రం ఎప్పుడూ ఒక మనిషి తక్కువే. నా వీసా ఆ ఉద్యోగం మీదే నిలబడి ఉంది కాబట్టి, ఒక్కదానివే చూసుకోగలవా అని మేనేజర్ అడిగినప్పుడల్లా గంగిరెద్దులా తలూపేదాన్ని. ఒకరోజు మధ్యాహ్నం అంకుల్ కుర్చీలోంచి జారి నేల మీద కూర్చుండిపోయారు. దెబ్బేమీ తగల్లేదు. నేను వంగి చంకల కింద చేతులు వేయబోతే తోసేశారు.

"ఇంకొకర్ని పిలు."

"ఎవరూ లేరంకుల్. నేను లేపేస్తాను."

"నిన్నా ఇట్లే అంటివి. పొద్దున్నుంచి నడుం పట్టుకోని తిరుగుతా ఉండావు. ఇద్దరొస్తేనే లేస్తా."

"మేనేజర్ ఏమనుకుంటుందోనని భయం."

"బొమ్మ మాదిరి పడమనిరి, పడితిని. ఆ పొద్దు నేను నోరు తెరిచి అడగలేదు. నువ్వు అడుగు."

బెల్ నొక్కి ఆయన పక్కనే నేల మీద కూర్చున్నాను. చాలాసేపటికి మేనేజరే వచ్చింది, మొహం ముడుచుకుని. ఒక్కదాన్ని లేపలేనని చెప్పాను. ఆమె నన్నూ ఆయన్నూ చూసి, చొక్కా చేతులు పైకి మడిచి వంగింది. ఇద్దరం కలిసి లేపాం. నా వీసా పోలేదు. రోటా కూడా బాగుపడలేదు.

ఆ చలికాలమే ఆయన పోయారు. తర్వాత ఆ కన్నడ సినిమా వెతికి ఫోన్లో చూశాను. పడటం అంతా మూడు నాలుగు సెకన్లు. ఆయన మొహం ఎక్కడా కనబడదు. కింద హీరో చొక్కా దులుపుకుని లేచి అందరినీ కొడతాడు. పడినాయన లేచింది మూడు నెలలకు. నాకు ఏడుపొచ్చింది.

ఇప్పుడు నేను సీనియర్ని. నడుం నొప్పి తగ్గలేదు, అలసట అసలే తగ్గలేదు. నిన్న గుంటూరు నుంచి కొత్తగా వచ్చిన అమ్మాయి ఒక పెద్దావిడ దగ్గర ఒక్కతే వంగుతూ కనబడింది.

"నేను మేనేజ్ చేస్తానక్కా, మీరెళ్లండి" అంది.

నా షిఫ్టు అయిపోయింది, కోటు కూడా వేసుకున్నాను. కోటు విప్పి కుర్చీ మీద పడేసి, ఆవిడకు రెండో వైపు వంగాను.