పాని జెనోబియా పెట్టిన రెండో మెట్టు

ఆ రోజు మా బడి హాల్లో జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ నాకు నోట మాట రాదు. నోరున్న మనిషినని తోరూన్ ఊరంతా పేరు మోసిన నాకే!

సంగీతపు బడిలో కోట్లు దాచే కౌంటరు నాది. పిల్లలు వచ్చి కోటు ఇచ్చి, నా దగ్గర గది తాళంచెవి పుచ్చుకుని సాధనకు పోతారు. నాకు సంగీతం ముక్క రాదు. కానీ ఆ కౌంటరు దగ్గర పిల్లల వాదనలు వినీ వినీ నా చెవులు చిల్లులు పడ్డాయి. ఎప్పుడూ ఒకటే గోల, ఏ ఎత్యూడ్ ఎక్కువ కష్టం అని. ఎత్యూడ్ అంటే వేళ్లకు పరీక్ష పెట్టడానికి రాసిన పియానో ముక్క. మన షోపెన్‌వే కష్టమంటాడొకడు, కాదు హంగరీ ఆయన లిస్ట్‌వి ప్రాణం తీస్తాయంటాడు ఇంకొకడు. బూట్ల నుంచి మంచు కరిగి నా నేలంతా చిత్తడవుతుంటే అక్కడే నిలబడి జుట్లు పట్టుకున్నంత పని చేస్తారు. "గదులు ఖాళీగా ఏడుస్తున్నాయి, పోయి వాయించి చావండిరా!" అని తరుముతాను.

పియానో చెప్పే పాని జెనోబియా, అదే జెనోబియా అమ్మగారి శిష్యులు మాత్రం ఆ గోలలో దూరరు. వాళ్లకు ఆ సంగతి ఎప్పుడో తేలిపోయింది. ఆవిడే తేల్చేసింది.

పిచ్చుకంత మనిషి ఆవిడ. అరవై దాటినా చిన్నపిల్లల దుకాణంలోనే గ్లవ్స్ కొనుక్కుంటుంది. వయసులో ఉన్నప్పుడు వార్సా అకాడమీకి వెళ్తే అక్కడి ప్రొఫెసరు ఆవిడ చేతులు చూసి నవ్వాడట. "ఈ బొమ్మ చేతులతోనా అమ్మాయ్?" అన్నాడట. అంతే, తిరుగు రైలెక్కి వచ్చేసింది. పెళ్లి చేసుకోలేదు, కచేరీలు చెయ్యలేదు. ఊళ్లో పిల్లలకు పాఠం చెప్తూ ఉండిపోయింది. ఆవిడ గదిలో చెయ్యి అన్న మాట ఎత్తకూడదు. "నా చెయ్యి అందట్లేదండీ" అన్నావా, తలుపు చూపిస్తుంది. "చెయ్యి వంక. పని చెయ్యనివాడికే చెయ్యి అడ్డం" అంటుంది.

ఎత్యూడ్లన్నిటినీ తేలిక నుంచి కష్టానికి మెట్లుగా పేర్చి పెట్టింది. కింది మెట్టు రాకుండా పై మెట్టు ఇవ్వదు. కింద నుంచి రెండో మెట్టు మీద జంటల ముక్క. కుడిచేత్తో రెండేసి మీటలు జంటగా నొక్కుతూ, ఎక్కడా తడబడకుండా సన్నగా పరుగెత్తించాలి. వార్సాలో అడిగినా, క్రాకూవ్‌లో అడిగినా అది కష్టాల్లోకల్లా కష్టమంటారు. ఈవిడ మాత్రం, "అది తేలిక. కష్టమన్నవాళ్లు బద్ధకస్తులు" అంటుంది. అన్నిటికంటే పైన చాపుల ముక్క. చెయ్యి బార్లా విప్పి, దూరదూరపు మీటల్ని అందుకుంటూ, ఈ కొస నుంచి ఆ కొసకు పోయి రావాలి. దాన్ని ఎవరికీ ఇవ్వలేదు. ఎవరూ దానికి తగరట.

మా ఆయన వితోల్డ్ కూడా ఆవిడ శిష్యుడే. కుర్రతనంలో పియానో తప్ప లోకం తెలిసేది కాదట. రెండో మెట్టు దగ్గర ఆగిపోయాడు. రెండేళ్లు కొట్టుకున్నాడు. "బద్ధకం నీ ఒంట్లోనే ఉంది, ఇక రాకు" అని పంపేసింది. ఇప్పుడు ట్రాము నడుపుతాడు. ఇంట్లో రేడియోలో పియానో వస్తే లేచి కట్టేస్తాడు. ఎందుకయ్యా అంటే, "బద్ధకస్తుణ్ణి లుద్కా, అదృష్టం తలుపు కొడితే తియ్యనివాణ్ణి" అంటాడు. లుద్మిలా అన్న నా పేరును అలా ముద్దు చేస్తాడు. తెల్లవారకముందే లేచి డ్యూటీకి పోయే మనిషి, నా ఇంట్లో కొళాయి నుంచి కప్పు దాకా సొంత చేత్తో బాగు చేసుకునే మనిషి బద్ధకస్తుడేమిటి! నేనెన్ని చెప్పినా తలకెక్కదు.

ఇప్పుడు అదే మెట్టు దగ్గర బోగ్నా ఇరుక్కుంది. విస్తులా నది మీద పడవ నడిపే వాళ్ల పిల్ల, పద్దెనిమిదేళ్లది. తండ్రి పోలికే, రొట్టెలు కాల్చే పారల్లాంటి చేతులు. ఆ పిల్లకు అకాడమీలో చేరాలని ఒకటే కోరిక. గురువు సరేనంటే తప్ప మా డైరెక్టరు ఎవరినీ పరీక్షకు పంపడు. పేర్లు పంపడానికి ఆ వారమే ఆఖరు. పాని జెనోబియా సరే అనడం లేదు. "తేలికైనదే రాని పిల్ల వార్సా వెళ్లి నా పరువు తీస్తుందా?" అంది నా కౌంటరు ముందే, ఆ పిల్ల వింటుండగానే. బోగ్నా కళ్లు తుడుచుకుంటూ ఏడో గది తాళంచెవి అడిగింది. రోజూ అందరికంటే ముందు వచ్చేది అదే. గదిలో ఏం వాయిస్తుందో నాకేం తెలుసు!

ఆ వారంలోనే పాని జెనోబియా పేరు పండగ వచ్చింది, అంటే ఆవిడ పేరు గల పునీతురాలి రోజు. మా వాళ్లకు పుట్టినరోజు కంటే అదే ముఖ్యం. గసగసాల రోల్, గాజు గ్లాసుల్లో టీ, హాలు నిండా పిల్లలు. మా బడిలో ఆనవాయితీ ఏమిటంటే, ఆ రోజు పిల్లలు ఏం వాయించమంటే గురువు అది వాయించాలి, కాదనకూడదు. ఏటా ఏదో ఒక నాట్యం ముక్క అడిగి చప్పట్లు కొట్టి కేకు మీద పడతారు.

ఈసారి బోగ్నా లేచింది. "రెండో మెట్టు వాయించండి పాని."

ఆవిడ ముఖం వెలిగిపోయింది. కూర్చుని వాయించింది చూడండీ, నాకు సంగీతం రాకపోయినా ఒళ్లు జలదరించింది! ఆ చిన్న వేళ్లు మీటల మీద అసలు ఆనుతున్నాయా అనిపించింది. చప్పట్లకు కప్పు లేచిపోయింది.

"చూశావా? ఇది కష్టమా?" అంది బోగ్నా వైపు తిరిగి.

"మీకు కాదు పాని. ఇప్పుడు పై మెట్టు వాయించండి."

పాని జెనోబియా కళ్లజోడు తీసి తుడుచుకుంది. మళ్లీ పెట్టుకుంది. "అది... అలా పేరు పండగ పూట వాయించేది కాదు" అంది.

"ఆనవాయితీ కదా పాని" అన్నాడు వెనక నుంచి ఎవడో వెధవ, నవ్వుతూ.

వాయించడం మొదలుపెట్టింది. అయ్యో దేవుడా, నేను చూడలేకపోయాను! చెయ్యి చాచింది, అందలేదు. ఎగిరి పట్టుకోబోయింది, పక్క మీట మోగింది. మళ్లీ మొదటికొచ్చింది. రెండో వరస దాకా కూడా పోలేక ఆగిపోయింది. ఎవరూ నవ్వలేదు. నవ్విన ఆ వెధవ కూడా తల దించుకున్నాడు.

బోగ్నా మెల్లగా వెళ్లి, "నేను కూర్చోనా పాని?" అంది. ఆవిడ లేచి చోటిచ్చింది.

ఆ పిల్ల చెయ్యి విప్పింది. ఇంక చెప్పేదేముంది, ఈ కొస నుంచి ఆ కొసకు నది పొంగినట్టు పోయి వచ్చింది! ఎక్కడా ఆయాసం లేదు. ముఖంలో కష్టమన్నదే లేదు. మేమంతా గుడ్లప్పగించి చూస్తున్నాం. నా చేతిలో టీ గ్లాసు ఒరిగిపోయి వేడి టీ గౌను మీద పడినా నాకు తెలియలేదు.

"ఎవరు నేర్పారు నీకు?" పాని జెనోబియా గొంతు పీలగా వచ్చింది.

"ఎవరూ లేరు. ఏడో గదిలో నేనే."

"ఎంత కష్టపడ్డావు?"

బోగ్నా ఆవిడ వైపు జాలిగా చూసింది. "కష్టపడలేదు పాని. నాకు ఇదే తేలిక. జంటల ముక్కకే ఏడ్చాను, నా వేళ్లు ఒకదానికొకటి అడ్డం పడతాయి."

పాని జెనోబియా కేకు కొయ్యలేదు. తిన్నగా నా కౌంటరుకు వచ్చింది. నేను వెనకే పరుగెత్తుకొచ్చి కోటు అందించాను. కాళ్లూ చేతులూ ఆడక, గ్లవ్స్ పక్క కొక్కెంవి ఇచ్చాను. అవి బోగ్నావి. ఆవిడ చూడకుండానే తొడుక్కుంది. తొడుక్కున్నాక చూసుకుంది. వేళ్ల కొసలు ఖాళీగా వేలాడుతున్నాయి.

"లుద్మిలా, డైరెక్టరుతో చెప్పు, ఆ పిల్ల పేరు ఇవాళే పంపమని" అంది.

"అలాగే పాని."

గ్లవ్స్ తీసి కౌంటరు మీద పెట్టింది. "వితోల్డ్ చేతులు... మీ ఆయన చేతులు ఎలా ఉంటాయి?"

అప్పటిదాకా నాకు తట్టనేలేదు! ఆ చేతులు నాకు తెలియవా? జాడీలో దూరవు, దుకాణంలో వాటికి సరిపోయే గ్లవ్స్ దొరకవు.

"ఆ పిల్ల చేతుల కంటే పెద్దవి" అన్నాను. తర్వాత నా నోరు నా మాట వినలేదు. "బద్ధకస్తుణ్ణని ఇన్నేళ్లు కుమిలిపోయాడు పాని! నా పక్కన పడుకుని కూడా అదే మాట! మీకు అందనిదాన్ని పైన పెట్టి, మీకు వచ్చినదాన్ని కింద పెట్టి, మా ఆయన్ని ముంచేశారు!"

పిల్లలు హాలు గుమ్మం దగ్గర గుమిగూడారు. ఆవిడ గ్లవ్స్ లేకుండానే బయటికి వెళ్లి, ట్రాము స్టాపులో నిలబడింది. వచ్చిన మొదటి ట్రాము ఎక్కలేదు, రెండోదీ ఎక్కలేదు. మా ఆయనది వచ్చాక ఎక్కింది.

ఆ సాయంత్రం వితోల్డ్ ఇంటికొచ్చి టోపీ కూడా తియ్యకుండా వంటింట్లో కూర్చున్నాడు.

"పాని జెనోబియా ఆఖరి స్టాపుదాకా వచ్చింది. అందరూ దిగాక నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది" అన్నాడు.

"ఏమంది?"

"బద్ధకం కాదట లుద్కా. ఎప్పుడూ కాదట."

నేను బీట్‌రూట్ సూప్ గిన్నె ఆయన ముందు పెట్టాను. ఆయన కుడిచెయ్యి బల్లమీద పెట్టి, వేళ్లు విప్పి, ఎవరిదో చెయ్యి చూస్తున్నట్టు చూశాడు. యాభై నాలుగేళ్ల చెయ్యి. బొటనవేలి కింద కాయ కాసింది.

"బద్ధకమని అనుకున్నన్నాళ్లు ఎలాగో బతికాను," అన్నాడు. "ఇప్పుడేం చెయ్యను?"