చెప్పులు బయట, వైరస్ లోపల

మొన్న పొద్దున్న మా కోడలు వంటింటి బల్ల మీదే ల్యాప్‌టాప్ పెట్టుకుని ఆఫీసు పని చేసుకుంటూంటే, తెర మీద ఒక మూలన చిన్న గడి పైకి లేచి, కొత్త అప్‌డేట్ వచ్చింది, ఒకసారి ఆపి మళ్లీ మొదలుపెడదామా అని అడిగింది. ఆ పిల్ల దానివైపు చూడనైనా చూడకుండా ‘తర్వాత’ అన్నచోట నొక్కి పంపేసింది. పక్కనే కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న నాకు ఒక్కసారిగా ఒళ్లు మండింది. ఎన్నాళ్లయింది దాన్నలా పంపేయబట్టి అని అడిగితే, పది రోజులయిందేమో అంది, పాలవాణ్ణి రేపు రమ్మన్నంత తేలిగ్గా. నేను కాస్త గట్టిగానే అన్నట్టున్నాను. “ఇప్పటి సిస్టాలకి వైరస్ రాదత్తా, దాని కాపలా అదే సూసుకుంటాది” అని తిరిగి నాకే సర్దిచెప్పింది.

మా అబ్బాయిదీ ఇదే వరస. వాడి కంప్యూటరు వేరే రకంట, దానికి వైరస్ పుట్టనే పుట్టదుట. ఈ మాట విన్న ప్రతిసారీ తల గోడకేసి కొట్టుకోవాలనిపిస్తుంది. ఇప్పటి ఆపరేటింగ్ సిస్టాలు బాగా కాపు కాస్తాయి, నేను కాదనను. యంత్రంతో పాటే కాపలావాడు కూడా లోపల కూర్చుని వస్తున్నాడు, కొత్త ప్రోగ్రామేదైనా అడుగుపెట్టబోతే ముందు మనల్ని అడుగుతున్నాడు, ఫోనుల్లోనైతే ఒక్కొక్క యాప్‌నీ ఒక్కొక్క గదిలో పెట్టి, పక్క గదిలోకి తొంగిచూడాలన్నా అనుమతి తీసుకోమంటున్నాడు. అంతా బాగానే ఉంది, కానీ ఆ కాపలావాడికి కొత్త దొంగల పోలికలు చెప్పేది ఆ అప్‌డేటే కదా, దాన్ని రోజూ గుమ్మంలోంచే తిప్పి పంపేస్తూ కాపలా ఉందిలే అని నిశ్చింతగా కూర్చోవడం ఏం తెలివో నాకు అర్థం కాదు. ఇంత కోపం ఎందుకొస్తుందంటే, అలాంటి మీటనే దాదాపు మూడేళ్లపాటు రోజూ పొద్దున్నే నొక్కినదాన్ని నేను.

అప్పట్లో నేను పలాసలో ఒక రక్తపరీక్షల కేంద్రంలో రాతకోతల పనికి చేరాను. కొందరు దాతలు కలిసి నడిపే చిన్న కేంద్రం, రెండు గదులు, ముందు రేకుల పందిరి. ఉద్దానంలో మూత్రపిండాల జబ్బు ఎన్ని ఇళ్లలో చొరబడిందో మా ప్రాంతం వాళ్లకు చెప్పనక్కర్లేదు. రక్తంలో క్రియాటినిన్ అని ఒకటుంటుంది, ఆ అంకె పెరుగుతున్న కొద్దీ మూత్రపిండాలు చేతులెత్తేస్తున్నట్టు లెక్క. మూడు నెలలకోసారి ఊళ్లవాళ్లు వచ్చి రక్తం ఇచ్చి వెళ్లేవారు, వచ్చిన అంకెను పేరు పక్కన ఎక్కించి, ఒక కాయితం ముద్రించి చేతికివ్వడం నా పని.

నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, కంప్యూటరు కొత్తగా వచ్చిన రోజుల్లో దానికి జరిగిన మర్యాద. ఉన్న రెండు గదుల్లో మంచిది దానికిచ్చి, మనుషులను రేకుల కింద ఎండలో కూర్చోబెట్టారు. కేంద్రం పెద్దాయన గుమ్మానికి ఒక కాయితం అంటించారు, ‘చెప్పులు బయట విడువవలెను, వైరస్ వచ్చును’ అని. వైరస్ దుమ్ములో ఉంటుందని ఆయన నమ్మకం, మొదట్లో నా నమ్మకమూ అదే. జలుబు చేసినవాళ్లను లోపలికి రానిచ్చేవాళ్లం కాదు. మా అక్క తన పాత నేత చీర చింపి దానికొక తొడుగు కుట్టిచ్చింది, దసరాకు నేను తెర పైన బొట్టు కూడా పెట్టాను. సముద్రం ఒడ్డు ఊరి నుంచి వచ్చే ఒక ముసలామె, పడవలు లాగే ఇంటి మనిషి, పాపం ప్రతిసారీ కుళాయి దగ్గర కాళ్లు కడుక్కుని మరీ లోపలికొచ్చేది. మధ్యాహ్నం వేళ గుమ్మం ముందు చెప్పుల వరస చూస్తే ఏ కోవెలకూ తీసిపోయేది కాదు.

ఇంత మడి కట్టుకున్న మేం పెన్‌డ్రైవ్‌ను మాత్రం ఊరంతా తిప్పాం. ఎర్రతాడుకు కట్టి మెడలో వేసుకునేదాన్ని, పోతుందన్న భయంతో. నందిగాంలో శిబిరం పెడితే అక్కడి బడి కంప్యూటరుకు గుచ్చేవాళ్లు, ఫారాలు అచ్చు వేయించడానికి టెక్కలి వెళ్తే ప్రెస్సులో గుచ్చేవాళ్లు, హరిశ్చంద్రపురంలో స్టేషన్ దగ్గరి ఫొటో స్టూడియోవాడు నాలుగు భక్తిపాటలు ఎక్కించిస్తానంటే సంతోషంగా చేతికిచ్చాను. అది దూరని యంత్రం లేదు. తిరిగొచ్చాక చెప్పులు విప్పి, కాళ్లు తుడుచుకుని, దాన్ని తీసుకెళ్లి మా కంప్యూటరు పెట్టెకు గుచ్చేదాన్ని.

ఇక ఆ పెట్టెలో ఉన్న సిస్టం సంగతి చెప్పాలి. మా ఆయన పినతండ్రి కొడుకు, నాకు మరిది, టెక్కలిలో కంప్యూటర్లు బాగుచేసేవాడు, అతనే వేశాడు దాన్ని. పాతకాలపు సిస్టం, పెన్‌డ్రైవ్ పెట్టగానే అందులో ఏముందో అడక్కుండానే నడిపించేసేది, పైగా ఎవరు కూర్చున్నా ఇంటి యజమాని కింద లెక్కగట్టి అన్ని తాళాలూ చేతికిచ్చేసేది. అది చాలదన్నట్టు దొంగ కాపీ. అప్‌డేట్ తీసుకుంటే దొంగ సరుకని బయటపడుతుందని మరిది ఆ దారి మూసేశాడు. వైరస్ కోసం వేసిన ప్రోగ్రాము నెల రోజులు మచ్చుకు వాడి చూడమని ఇచ్చింది, నెల దాటాక రోజూ పొద్దున్నే ఎర్రగా లేచి ‘మీ కంప్యూటరు ప్రమాదంలో ఉంది’ అనేది. బయట ఇరవై మంది ఎదురుచూస్తుంటే దీని గోల ఏమిటని విసుక్కుంటూ నొక్కేసేదాన్ని. ఒకసారి మరిదే, లినక్స్ అని ఉచితంగా దొరికే సిస్టం ఉంది వదినా, దానికి వైరస్‌ల బెడద తక్కువ, మార్చేద్దామన్నాడు. తెరిచి చూపిస్తే, అందులో మా ఫారం గీతలు ఇటూ అటూ అయిపోతున్నాయని, మళ్లీ కొత్తగా నేర్చుకునే ఓపిక నాకు లేదని వద్దన్నాను. తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే చిరాకేస్తుంది.

ఇంకొక ఘనకార్యం కూడా నాదే. మొదట్లో అంకెలను రిజిస్టరులోనూ రాసేవాళ్లం. ఒకే పని రెండుసార్లు ఎందుకండీ, పెట్టెలో భద్రంగా ఉంటుంది కదా అని పెద్దాయనకు నచ్చజెప్పి, రిజిస్టరు మాన్పించాను. ఆ మాట అన్నప్పుడు ఎంత గర్వపడ్డానో చెప్పలేను.

రిజిస్టరు మానేశాక పరీక్షలకు రావడం మొదలుపెట్టినవాళ్లలో మా బావ, అంటే అక్క భర్త, ఒకడు. కంచిలి దగ్గర కొబ్బరితోట, కొంచెం జీడితోట ఉండేవి. మనిషి సరదా మనిషి, పరీక్షకు వచ్చిన రోజున రేకుల కింద కూర్చున్నవాళ్లందరినీ నవ్వించి గాని ఇంటికి వెళ్లేవాడు కాదు. కాయితం ముద్రించి చేతికిస్తే ఒక్క క్షణం చూసి తిరిగి నా బల్ల మీదే పెట్టేసేవాడు, సాయంత్రానికి అది చెత్తబుట్టలోకి పోయేది. “నీ పెట్టిలో ఉన్నాక మల్లీ నాకెందుకే పిల్లా కాయితం” అనేవాడు. అక్క ఇంటికి తెచ్చుకోమని నెత్తీ నోరూ కొట్టుకునేది. జబ్బంటే ఈయనకు లెక్కలేదు, చీమ కుట్టినట్టయినా లేదు అని మేమిద్దరం వెనక తిట్టుకునేవాళ్లం.

మూడో ఏడు ముగియబోతుండగా బావ కాళ్లకు నీరు పట్టింది. విశాఖలో మూత్రపిండాల డాక్టరమ్మకు చూపించాలని నిర్ణయించారు. పాత అంకెలన్నీ వరసగా తెమ్మని ఆమె ముందే కబురు చేసింది. అంకె ఎంత తొందరగా పెరిగిందో చూస్తే గాని, మందులతో కొన్నేళ్లు నెట్టుకురావచ్చా, లేక రక్తం శుద్ధి చేసే మిషనుకు సిద్ధంగా ఇప్పుడే చేతికి ఆపరేషన్ చేసి నరం తయారుచేయాలా అన్నది తేలదు. ఆ ఆపరేషన్ అయిన చేత్తో బరువులెత్తకూడదు, బావకు తోటపనే బతుకు. అందుకని ప్రయాణానికి రెండు రోజుల ముందే అప్పటిదాకా అయిన పదకొండు పరీక్షలూ ఒకే కాయితం మీద ముద్రిద్దామని పెట్టె తెరిచాను.

ఊరి పేరున్న ప్రతి ఫోల్డరు మూలనా ఒక చిన్న వంకర బాణం గుర్తు కనిపించింది. నొక్కితే లోపల ఏమీ లేదు. కంచిలి నొక్కాను, నందిగాం నొక్కాను, అన్నీ ఖాళీ. మరిదికి ఫోన్ చేస్తే మధ్యాహ్నానికల్లా టెక్కలి నుంచి వచ్చాడు. నేను రక్తం సీసాలకు పేర్లు అంటించే పనిలో పక్క గదిలో ఉండగా గంటన్నర కూర్చుని, చెమట తుడుచుకుంటూ బయటికొచ్చాడు. “ఏటీ నేదు వదినా, ఫార్మేట్ కొట్టీసినాను. ఇప్పుడు కొత్త పెల్లికూతుర్లాగుంది” అన్నాడు. మరి లోపలున్న అంకెలేవి అని అడిగాను. “వాటికే గదా వైరస్ పట్టింది, ఉంచితే మల్లీ వొచ్చేత్తాది” అన్నాడు, ఏదో మేలు చేసినట్టు. ఆ రకం వైరస్ ఫైళ్లను చెరపదని, ఉత్తినే దాచేస్తుందని, నాలుగు మాటలు టైపు చేస్తే అన్నీ వెనక్కి వచ్చేవని చాలా ఏళ్ల తర్వాత ఎవరో చెబితే తెలిసింది. తెలియకపోయినా బాగుండేది.

అక్క ఇల్లంతా వెతికితే, ఎప్పుడో బావ కళ్లుగప్పి నా బల్ల మీంచి తెచ్చి దాచుకున్న రెండు కాయితాలు మాత్రం దొరికాయి. పదకొండులో రెండు. పలాసలో రైలెక్కింది మొదలు నేను అక్క చేతిలోని ఆ రెండు కాయితాల వంకే చూస్తూ ఉన్నాను. బావ మాత్రం ఎప్పట్లాగే ఎదురు సీటువాళ్లతో కబుర్లు చెబుతూ కూర్చున్నాడు.

డాక్టరమ్మ పాత అంకెలు అడిగింది. నేను పెన్‌డ్రైవ్ దగ్గర మొదలుపెట్టి ఏదో చెప్పబోయాను. పాతవి లేకపోతే ఆగి చూసే ధైర్యం నేను చేయలేను, చేతికి ఆపరేషన్ చేసేద్దాం అంటూ ఆమె కలం తీసింది. అప్పుడు బావ నెమ్మదిగా, “రాసుకోమ్మా, నాను సెప్తాను” అన్నాడు.

“మొదటిపాలి ఒకటీ పాయింటు ఆరు. ఆ నెల్లోనే మా బావి మోటారు కాలిపోనాది. తరవాత కొబ్బరి దింపుకి ముందర ఒకటీ ఏడు. జీడిపూత మంచుకి మాడిపోయినప్పుడూ ఒకటీ ఏడే, పెరగనేదు. మా పెద్దోడు సైకిలు మీంచి పడి కాలిరగ్గొట్టుకున్న నెల ఒకటీ తొమ్మిది...” అలా పదకొండూ చెప్పాడు, ఎక్కడా తడుముకోకుండా, తన ఒంటి గురించి కాక తోట గురించి చెబుతున్నంత మామూలుగా. ఆమె రాసుకుంటూ పోయింది. అక్క దగ్గరున్న రెండు కాయితాలూ తీసి సరిచూస్తే అంకెకు అంకె సరిపోయింది. డాక్టరమ్మ చాలాసేపు ఆ వరస చూసి, పెరగడం నిదానంగానే ఉంది, ఇప్పుడే చెయ్యి కోయక్కర్లేదు, మందులు వాడుతూ చూద్దాం అంది. అక్క అక్కడే కూర్చుని ఏడ్చేసింది.

తిరుగు రైల్లో నేను ఉండబట్టలేక, అవన్నీ ఎలా గుర్తుపెట్టుకున్నావు బావా, కాయితం సరిగ్గా చూసేవాడివే కాదు కదా అని అడిగాను. కిటికీలోంచి బయటికి చూస్తూనే జవాబిచ్చాడు. “బయమేసినోడు మర్సిపోతాడేటే పిల్లా.” మూడేళ్లు వెనక తిట్టుకున్నాం ఆ మనిషిని, లెక్కలేదని. కాయితం ఎందుకు తిరిగిచ్చేసేవాడో నాకప్పుడు అర్థమైంది. ఇంట్లో అక్క కంటపడకూడదని.

ఆ మందులతో బావ ఇంకో అయిదేళ్లు రెండు చేతులతోనూ తోటపని చేసుకున్నాడు. తర్వాత మిషను తప్పలేదు, ఆ తర్వాత కొన్నాళ్లకు మనిషీ దక్కలేదు. మేం మళ్లీ రిజిస్టరు మొదలుపెట్టాం, నేను పని మానేసేదాకా నా చేత్తోనే రాశాను. ఇప్పుడు ఏ పరీక్ష అయినా ఫలితం నేరుగా ఫోనుకే వస్తుంది, పాతవాటితో కలిపి గీత కూడా అదే గీసి చూపిస్తుంది, సిస్టం పాడైనా ఎక్కడో ఇంకో చోట భద్రంగా ఉంటుందిట. మంచిదే, బావ పడ్డ అవస్థ ఇంకెవరికీ వద్దు. కాకపోతే పోయిన నెల నేను పరీక్షకు వెళ్తే, కిందటిసారి ఎంత వచ్చిందమ్మా అని అక్కడి పిల్ల అడిగింది. కళ్లజోడు పెట్టుకుని ఫోను వెతుక్కున్నాను. నా అంకె ఒక్కటీ నాకు గుర్తులేదు. బావవి మాత్రం, ఇప్పుడు అడిగినా, పదకొండూ వరసగా చెప్పగలను.