గేదె కళ్లకు కట్టిన చీర

బ్యాంకు పరీక్షకు చదువుకుంటుంటే ఈ ఉదయం హుడ్‌వింక్ అనే ఇంగ్లీషు మాట తగిలింది. మోసగించడం అని అర్థం. అక్కడితో ఆగితే ఒక మార్కు వస్తుంది. కానీ కొత్త మాట కనబడితే దాని పుట్టుపూర్వోత్తరాలు తెలిసేదాకా నాకు అన్నం సహించదు. పెద్ద నిఘంటువు తీశాను. హుడ్ అంటే తలమీది ముసుగు. వింక్ అంటే ఇప్పుడు కన్నుకొట్టడం గానీ, ఆ కాలంలో కళ్లు మూసుకోవడమట. మొదట్లో ఆ మాటకు కళ్లకు గుడ్డ కట్టడమనే అర్థం. మోసం తర్వాత వచ్చి చేరింది. మనమూ కళ్లకు గంతలు కట్టారనే అంటాం. నిఘంటువు మూశాను గానీ, నాయనమ్మ గళ్ల చీర కళ్లముందు నుంచి కదల్లేదు.

ప్రత్తిపాడు దగ్గర మా ఊరు. నేను ఇంటర్‌కి వచ్చేసరికే ఎటు చూసినా మిర్చి, పత్తి. పశువుల మేతకని జొన్న వేసేవాళ్లే లేరు. ఉన్న ఒక్క గేదెనూ అమ్మేద్దామని నాన్న అన్నప్పుడు నాయనమ్మ వాదించలేదు; దాని డొక్కలు ఆమెకూ కనిపిస్తున్నాయి. పొదిలి వైపు రైతు ఒకాయన కొనుక్కుని ట్రాలీ తెచ్చాడు. ఎక్కడానికి చెక్క వాల్చారు. గేదె ఎక్కదు. నలుగురు వెనకనుంచి తోశారు. ముందునుంచి తాడు లాగిన నాన్న జారి కింద కూర్చున్నాడు. "మీ గేదెకి ట్రాలీ ఆనట్లేదు పెద్దమ్మా, కారు తేవాల్సింది," అని ఆ రైతు నవ్వాడు. తర్వాత కర్ర అందుకోబోయాడు. నాయనమ్మ అడ్డం వెళ్లింది.

"కొట్టమాకయ్యా. కళ్లు కప్పితే నా వెనకే వచ్చిద్ది."

పాలు పితికేటప్పుడు కట్టుకునే గళ్ల చీర తెచ్చి దాని కళ్లు కప్పేలా కొమ్ములకు చుట్టింది. ఆ చీరనిండా తవుడు వాసన. గేదె నెమ్మదించింది. నాయనమ్మ ముందుగా తను చెక్క ఎక్కి, రోజూ తవుడు పెట్టేటప్పుడు పిలిచే పిలుపే పిలిచింది. "రా తల్లీ, రా." అది ఒక్కో కాలూ తడుముకుంటూ ఎక్కి, మూతి చాపి, ఆమె ఖాళీ చేతులు నాకింది. నేను గేటు పట్టుకుని నిలబడ్డాను. వద్దనాలని ఉంది, వద్దంటే దానికేం పెట్టాలో తెలియదు.

ఆ రైతు చీర విప్పి ఇవ్వబోయాడు. "ఉంచయ్యా, మీ ఊరెళ్లాక విప్పు," అని నాయనమ్మ దిగిపోయింది.

అప్పటిదాకా నాయనమ్మ నన్ను అన్నానికి పిలిచేదీ ఆ పిలుపుతోనే. మర్నాటి నుంచి పేరు పెట్టి పిలవడం మొదలుపెట్టింది.

గుడ్డ కట్టడం మోసంగా మారడానికి ఆ మాటకు కొన్ని దశాబ్దాలు పట్టిందని నిఘంటువులో ఉంది. మా ఇంట్లో గేదె చెక్క ఎక్కేంత సేపే పట్టింది.