హాలియా గోదాంలో ఉప్పు గిన్నె

రాష్ట్రం వచ్చిన మూడో ఏడు, వానకాలం మొదట్లో, నన్ను మక్తల్ గోదాం నుంచి హాలియా గోదాంకు అధికారిగా వేశారు. ఉత్తర్వులో కారణం "పరిపాలనా సౌలభ్యం" అని ఉంది. నా సర్వీసులో అందుకున్న బదిలీ కాగితాలన్నింటిలోనూ అదే మాట కాబట్టి పట్టించుకోలేదు. మక్తల్‌లో తొమ్మిదేళ్లు చేశాను. నా హయాంలో అక్కడ ఒక్క బస్తాకూ బూజు పట్టలేదు, ఏ తనిఖీలోనూ నాకు మెమో రాలేదు. ఆ ధీమాతోనే హాలియాలో బస్సు దిగాను.

గోదాం ఉద్యోగమంటే తాళం వేసుకుని కూర్చోవడమే అని చాలామంది అనుకుంటారు. మా బావ అయితే ఇప్పటికీ "నీ నౌకరీ తాళంచెవులు తిప్పుడే గదా" అని ఎగతాళి చేస్తాడు. నిజానికి బస్తాలో ఉన్న గింజ బతికే ఉంటుంది. చుట్టూ గాలి పొడిగా ఉంటే తనలోని తేమను వదులుతుంది, గాలి తడిగా ఉంటే ఆ తడిని పీల్చుకుంటుంది. తినే వడ్లకు ఒకటి రెండు పాళ్లు అటూ ఇటూ అయినా ఓర్చుకోవచ్చు. విత్తనపు వడ్లతో ఆ బేరం కుదరదు. తేమ నూటికి పదమూడు పాళ్లు దాటకూడదు, పరీక్షలో నూటికి కనీసం ఎనభై గింజలు మొలవాలి. అంతకు తగ్గితే ఆ బస్తాను బియ్యం పట్టించుకోవాల్సిందే.

నేను వెళ్లేసరికి హాలియా గోదాంలో మల్లమ్మ అనే రైతు వేసిన అరవై బస్తాల విత్తనం ఉంది. చలికాలపు యాసంగిలో పండించి, ఎండాకాలంలో కోసి, మళ్లీ యాసంగి నార్లు పోసేదాకా దాచిపెట్టిన విత్తనం. అంటే వానకాలమంతా అది మా చేతిలో ఉండాలి. మల్లమ్మ విత్తనం పండించడం అదే మొదటిసారి. ఆమె మాట మీద ఊళ్లో పద్నాలుగు ఇళ్లవాళ్లు వేరే విత్తనం చూసుకోకుండా ఆగారు. నేను చార్జి తీసుకున్న వారానికే ఆమె వచ్చి, "సారూ, నా వడ్లు మూలకు పడ్డయి. జర గాలి తగిలే జాగల పెట్టియ్యుండ్రి" అని అడిగింది. మనిషి మర్యాదగా అడిగింది, నాకూ కొత్తచోట మంచిపేరు కావాలి. హమాలీలతో చెప్పి ఆమె బస్తాలను తూర్పు తలుపుకు ఎదురుగా, చెక్క పలకల మీద కొత్తగా దొంతర పెట్టించాను. ఆమె దండం పెట్టి వెళ్లింది.

హమాలీలకు పెద్ద యాదయ్య. ఆ గోదాం కట్టినప్పటి నుంచి అక్కడే ఉన్నవాడు. ఆఫీసు గది కిటికీలో ఒక సత్తు గిన్నె, దాన్నిండా దొడ్డుప్పు, అంటే రాళ్లుప్పు, కనబడితే ఇదేమిటని అతన్నే అడిగాను. నాకు ముందున్న అధికారి సముద్రం ఒడ్డు ఊళ్ల మనిషి. రాష్ట్రం వేరుపడ్డాక ఆ వైపు వెళ్లిపోయాడు. ఆ గిన్నె ఆయన పెట్టింది. వాళ్ల దిక్కు ఏడాదిలో సగం రోజులు గాలే తడిగా ఉంటుందట. పొద్దున ఉప్పు చెమర్చిందంటే ఆ రోజు గోదాం తలుపు తీయరట.

"పాత సారు గీ ఉప్పు జూసినంకనే తాళం తీయమనేది" అన్నాడు యాదయ్య.

నాకు నవ్వొచ్చింది. "సముద్రం కాడి ముచ్చట సముద్రం కాడనే యాదయ్యా. మనకు ఈడ గాలాడాలె. ఆ ఉప్పు తీస్కపోయి చారుల ఎయ్యి" అన్నాను. యాదయ్య గిన్నె తీయలేదు, కిటికీలోనే ఓ మూలకు జరిపాడంతే.

మక్తల్‌లో నా పద్ధతి ఒకటే. పొద్దున ఏడింటికి తలుపులు, వెంటిలేటర్లు బార్లా తీయడం, పొద్దుగూకే ముందు మూయడం. అక్కడి గాలి ఎంత పొడిగా ఉంటుందంటే తలుపు తీసిన ప్రతి రోజూ గింజకు మేలే జరిగేది. నిజానికి మా నియమాల పుస్తకంలో ఉన్నది అది కాదు. బయటి గాలి పొడిగా ఉన్న రోజే తెరవాలి, మబ్బు ముసురు రోజుల్లో మూసి ఉంచాలి అని అందులో స్పష్టంగా ఉంది. దాన్ని తేల్చడానికి ప్రతి గోదాం గోడకూ తేమమాపకం ఉంటుంది. పక్కపక్కన రెండు ఉష్ణమాపకాలు. ఒకదాని బుడ్డికి వత్తి చుట్టి, ఆ వత్తి కొసను నీళ్ల గిన్నెలో ఉంచుతారు. రెండూ చూపించే అంకెల మధ్య తేడా ఎక్కువుంటే గాలి పొడి, తేడా తగ్గేకొద్దీ గాలి తడి. మక్తల్‌లో ఆ గిన్నెలో నీళ్లు ఎప్పుడు ఎండిపోయాయో నాకే గుర్తు లేదు. రిజిస్టరులో నిన్నటి అంకెనే ఇవాళా వేసేవాణ్ని. హాలియాలోనూ అదే అంకె కొనసాగించాను. తొమ్మిదేళ్లు ఏ చెడూ జరగకపోతే మనిషి దాన్ని తన గొప్పతనమే అనుకుంటాడు.

ఆగస్టులో సాగర్ కాలువ వదిలారు. గోదాం తూర్పు గోడ దాకా వరి మళ్లు నిండాయి. సెప్టెంబరులో బంగాళాఖాతంలో అల్పపీడనం అన్నారు. అది పోయేలోపు ఇంకోటి అన్నారు. హాలియాలో కురిసింది పెద్ద వానేం కాదు, మూడు వారాల ముసురు. కాసేపు తుంపర, కాసేపు తెరిపి. తెరిపి ఇచ్చినప్పుడల్లా నేను తూర్పు తలుపు తీయించాను. లోపల ఉక్కగా ఉంది, గింజకు గాలాడాలని నా తపన. యాదయ్య తాళం తీసేముందు ప్రతిసారీ కిటికీ వైపు ఓసారి చూసేవాడు. నేను చూడనట్టు ఉండేవాణ్ని. ఆ గిన్నెలో ఉప్పు అప్పటికే నీరై అడుగున నిలిచింది.

ముసురు మూడో వారంలో మల్లమ్మ వచ్చింది. దొంతర దగ్గరికి వెళ్లి, అంచు బస్తాలోకి ఇనుప గొట్టం గుచ్చి నాలుగు గింజలు తీసి పంటికింద పెట్టుకుంది. కొరికి, ఆగి, మళ్లీ కొరికింది.

"సారూ, గివి మెత్తవడ్డయి. ఎండిన వడ్లు టక్కుమనాలె. గివి నలుగుతున్నయి."

తేమ మిషను తెచ్చి కొలిచాను. పద్నాలుగున్నర. ఇంకో బస్తా చూశాను, పద్నాలుగు పాయింటు రెండు. లోపలి వరుసల్లో పన్నెండున్నరే ఉంది. తలుపుకు ఎదురుగా, గాలి బాగా తగిలే జాగాలో ఉన్న బస్తాలే తడిని తాగాయి. ఆ జాగా ఆమెకు ఇచ్చింది నేనే.

నాకు ఆ క్షణంలో గుర్తొచ్చింది మా బాపు. ఆయన మగ్గం నేసేవాడు. పడుగు నూలుకు గంజి పట్టించి వీధిలో చాపి ఆరబెట్టేవారు మా ఇంట్లో. ముసురు రోజుల్లో చినుకు పడకపోయినా ఆ పడుగు ఆరేది కాదు. "వానే లేదు గద బాపూ" అని నేనంటే, "నీళ్లు మీదికెల్లే పడాల్నా బిడ్డా, గాలిల లెవ్వా" అనేవాడు. పదేళ్ల వయసులో తెలిసిన సంగతిని యాభై నాలుగేళ్లకు మర్చిపోయిన నన్ను చూస్తే ఆయన ఏమనేవాడో తలుచుకుని సిగ్గుపడ్డాను. మల్లమ్మ ముఖంలోకి చూడలేకపోయాను.

"తప్పు నాదే అక్కా. తలుపు తీయించింది నేను" అని చెప్పాను. ఆమె గొట్టాన్ని పక్కన పెట్టింది. "ఊళ్లె పద్నాలుగిండ్లు నా మొకం జూస్తున్నయి సారూ. ఏం జేద్దమో చెప్పు" అంది.

దొంతర విప్పాలంటే నల్లగొండలోని పై అధికారి అనుమతి కావాలి. ఫోన్‌లో జరిగింది జరిగినట్టు చెప్పాను. రిజిస్టరులో పాత అంకెలే వేస్తూ వచ్చానని కూడా చెప్పాను. ఆయన, ముందు ఆరబెట్టు, తిట్లు తీరిగ్గా తిందువు, కానీ ఎండొచ్చిందని తొందరపడి ఇంకో తప్పు చేయకు అన్నారు.

ఆరబెట్టడానికీ రోజు కుదరాలి. యాదయ్య కొత్త ఉప్పు పోసి పెట్టాడు. తేమమాపకం గిన్నెలో నేను నీళ్లు పోశాను, వత్తి మార్చాను. పొద్దున రెండూ చూసేవాళ్లం. నాలుగు రోజులు ఉప్పు తడిగానే ఉంది, మాపకంలో తేడా ఒకటి రెండు అంకెలే. తలుపులు బిగించి కూర్చున్నాం. ఐదో రోజు మబ్బు విరిగి పడమటి గాలి తిరిగింది. ఉప్పు పొడిబారింది. మాపకం కూడా అదే మాట చెప్పింది.

ఆ పొద్దున్నే మల్లమ్మ ఊరి నుంచి ఆడవాళ్లను ట్రాక్టరెక్కించి తెచ్చింది. "మా వడ్లు మేమే తిరగేసుకుంటం" అన్నారు. తడి పట్టిన బస్తాలను విప్పి గోదాం ముందరి గచ్చు మీద పలచగా ఆరబోశాం. విత్తనాన్ని నడి ఎండలో ఆరబెట్టకూడదు, కాలిన గచ్చు మొలకను చంపుతుంది. అందుకని పదకొండు దాకా ఆరబోయడం, కుప్ప చేసి కప్పడం, మూడింటి తర్వాత మళ్లీ పరవడం. వాళ్లు వరుసలు కట్టి కాళ్లతో చాళ్లు తీస్తూ తిరగేస్తుంటే నేనూ చెప్పులు విడిచి దిగాను. నా నడకలో చాలు వంకర పోతోందని అందరూ నవ్వారు. మల్లమ్మ కూడా నవ్వింది. మూడు రోజుల్లో తేమ పన్నెండున్నరకు దిగింది.

తేమ దిగినంత మాత్రాన మొలక తిరిగిరాదు. తడి తాగిన తలుపు పక్క పద్నాలుగు బస్తాలను విడిగా, మిగిలిన నలభై ఆరింటిని విడిగా పరీక్షకు పంపాను. కలిపి పంపితే మొత్తం గట్టెక్కొచ్చని ఒకరు సలహా ఇచ్చారు. అది రైతు నోట్లో మన్ను కొట్టడమే కాబట్టి వినలేదు. వరి విత్తనానికి మొలకల చివరి లెక్క పద్నాలుగో రోజున తీస్తారు. ఆ రెండు వారాలు నాకు అన్నం సహించలేదు.

ఫలితం వచ్చింది. నలభై ఆరు బస్తాలది ఎనభై ఎనిమిది. పద్నాలుగు బస్తాలది డెబ్బై ఒకటి.

మల్లమ్మకు కాగితం చదివి వినిపించాను. ఆమె వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకుని, ఊరివాళ్లందరికీ ఆ నలభై ఆరు సరిపోతాయని, తనకు మాత్రం మిగలదని తేల్చింది. "మంచియి మందికిస్త. మాటిచ్చిన గద. పాడైనయి నేను బియ్యం పట్టిస్త, నా మడిల ఈ యాసంగికి పెసర్లు ఏస్త" అంది. నేను ఏదో చెప్పబోతే ఆపి, "ఎండ దినం ఎండది, ముసురు దినం ముసురుది సారూ. నువ్వు ఆ గిన్నె మాత్రం తీయకు" అంది. ఆ రోజు నుంచి నేను హాలియాలో ఉన్నన్నాళ్లూ, వానకాలం మొదట్లో ఆమే ఉప్పు తెచ్చి పోసేది.

నా మొదటి మెమో ఆ నెలలోనే వచ్చింది. జవాబులో సాకులు రాయలేదు. తర్వాత పుస్తకాలు తిరగేస్తే తెలిసింది, గాలిలో తేమ నూటికి డెబ్బై ఐదు పాళ్లు దాటితే ఉప్పు నీరు పడుతుంది. విత్తనపు వడ్లు హద్దు దాటడం మొదలయ్యేదీ ఆ దగ్గర్లోనే. సముద్రం ఒడ్డు మనిషి చారులోకి ఉప్పు పెట్టి పోలేదు, నాకు పనికొచ్చే కొలతే పెట్టిపోయాడు. మాకు సముద్రం లేదు గానీ సముద్రం గాలికి ఆ సంగతి తెలియదు.

నేను నేర్చుకున్నది చిన్నదే. ఒక ఊళ్లో పనిచేసిన పద్ధతి ఇంకో ఊళ్లో పనిచేస్తుందో లేదో గాలిని కొలిచి తేల్చుకోవాలి, సర్వీసును బట్టి కాదు. హాలియా నుంచే రిటైరయ్యాను. చార్జి అప్పగించే రోజు కొత్త అధికారి ముందు జాబితాలోని వస్తువులన్నీ ఒక్కొక్కటే చదివి సంతకం పెట్టించుకున్నాను. తాళాల గుత్తి, తేమ మిషను, ఇనుప గొట్టాలు మూడు. చివరి వరుస నా చేత్తో కలిపింది: దొడ్డుప్పు గిన్నె, ఒకటి, పనిచేయు స్థితిలో ఉంది.