మా ఆయన చెప్పులు వదిలేసి వెళ్లిపోయిన సాయంత్రం

ప్రమాదం నాకు సరిగ్గా నాలుగుంపావుకి వంటింటి కిటికీలోంచి కనబడింది. ఖాకీ చొక్కా, ఖాకీ ప్యాంటు, చంకలో టోపీ. గేటు దగ్గర ఆగి, మా పై వాటాకేసి తలెత్తి చూసింది. నా చేతిలో గరిటె గాల్లోనే ఆగిపోయింది. పోపు మాడింది. ఆ రోజు మాడినవాటిలో అన్నిటికంటే చిన్నది ఆ పోపే.

ముందే చెప్పేస్తున్నాను. ఇంట్లో నిక్షేపంలా ఉన్న మొగుణ్ణి లేడని పోలీసు కాగితం మీదకెక్కించిన ఆడది జూబ్లీహిల్స్ మొత్తానికి నేనొక్కదాన్నే. ఎవరి సాయమూ తీసుకోలేదు. ఎమ్మెస్సీ చదివాను కదా, సొంత తెలివితోనే చేశాను.

మా ఆయన పేరు నోప్. థాయిలాండ్ మనిషి. తొమ్మిదేళ్ల కిందట ఫైట్లు నేర్పడానికి ఫిల్మ్ నగర్ వచ్చి, ప్రొడక్షన్ ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చున్న నన్ను పెళ్లి చేసుకున్నాడు. నాది తెనాలి. ఆయన మాత్రం తెలుగంతా కృష్ణానగర్ ఫైటర్ల దగ్గర నేర్చుకున్నాడు. మా అమ్మ మొదటిసారి ఫోన్ చేసి "బాగున్నారా అల్లుడుగారూ" అంటే, "మంచిగున్న అత్తమ్మా, జర పరేషాన్ ఉన్న, నీ బిడ్డ తిడుతున్నది" అన్నాడు. మా అమ్మ వారం రోజులు నవ్వింది.

నవ్వురానివి తర్వాత మొదలయ్యాయి. భార్య తరఫున వచ్చిన వీసా మీద ఉన్న మనిషి విడిగా అనుమతి లేకుండా పని చేయకూడదు. అనుమతికీ వీసా పొడిగింపుకీ కలిపి దరఖాస్తు పెట్టాం. పాత గడువు ఇంకో పన్నెండు రోజులే ఉంది. ఆలోపు పోలీసులు ఇంటికొచ్చి, మనిషి ఇక్కడే కాపురముంటున్నాడని చూసి రాసుకోవాలి. "వచ్చేముందు ఫోన్ చేస్తారు" అన్నారు వీసా ఆఫీసులో. రాయకపోతే ఏమవుతుందని అడిగాను. కౌంటర్లో ఆమె తర్వాతి వాళ్లని పిలిచింది. ఆ రోజునుంచి నాకు నిద్ర లేదు.

పని లేకపోతే నోప్ ఊరుకునే మనిషి కాదు. మా ఇంట్లో అతి పరిశుభ్రమైన వస్తువు బాత్రూం నేల. అది కడగడం అయిపోయాక సాయంత్రాలు మేడమీద కృష్ణానగర్ కుర్రాళ్లకి దెబ్బ తగలకుండా పడటం ఎలాగో నేర్పేవాడు. ఫీజు లేదు. వాళ్లే పచ్చి బొప్పాయికాయలు తెచ్చేవారు. మా ఆయన వాటిని తురిమి, వెల్లుల్లీ మిరపకాయలూ వేసి రోట్లో దంచుకుని తింటాడు. పచ్చి బొప్పాయికాయ జీతం కిందికి వస్తుందా రాదా అని నేను మూడు రాత్రులు ఫోన్లో వెతికాను. జవాబు దొరకలేదు. అందుకని పిల్లలకి తర్ఫీదు మొదలుపెట్టాను.

"నాన్న ఏం చేస్తారు?"

"ఏమీ చెయ్యరు," అనేవాడు ఎనిమిదేళ్ల తరుణ్.

"మేడమీద?"

"గాలి పీలుస్తారు."

"బొప్పాయికాయలు?"

"మనం బొప్పాయికాయలు తినం," అనేది ఐదేళ్ల మాలి, నోటినిండా అవే పెట్టుకుని.

ఇక ఆ సాయంత్రం. పొద్దున్నే కింద వాటా ఓనరమ్మ కాంతమ్మగారు మెట్లమీద నిలబడి, "ఏమ్మా, మీ ఆయన రోజూ నా నెత్తిమీదే దూకుతున్నాడు. పైన చెప్పాల్సిన చోట చెప్పేస్తానండీ, తర్వాత నన్ననుకోవద్దు" అని వెళ్లింది. సాయంత్రం ఖాకీ వచ్చింది. ఫోన్ చేయకుండా వచ్చింది! వెరిఫికేషనైతే ఫోన్ చేస్తారు. చేయలేదంటే ఇది ఫిర్యాదు. నోప్ అనుమతి లేకుండా పని చేస్తున్నాడని ఫిర్యాదు. సంకెళ్లు, విమానం, బ్యాంకాక్. నా బుర్ర గేటునుంచి బ్యాంకాక్‌కి మూడు సెకన్లలో వెళ్లింది.

ఒక్క సంగతి గుర్తుంటే బాగుండేది. మా వీధిలో ఖాకీ చూసి నమ్మేవాళ్లు నిన్న రైలు దిగినవాళ్లే. ఇక్కడ షూటింగు మధ్యలో యమధర్మరాజు గదను గోడకి ఆనించి ఇడ్లీ తింటాడు. నేను తొమ్మిదేళ్లుగా ఇక్కడే ఉంటున్నాను. అయినా సరే.

నోప్ నేలమీద కూర్చుని రోట్లో దంచుతున్నాడు. "లే! బాత్రూంలోకి!" అన్నాను. కాపురంలో ఆయన నేర్చుకున్న మొదటి సంగతి, నేను కంగారులో చెప్పింది ముందు చేసి, ఎందుకని తర్వాత అడగాలని. రోకలితో సహా వెళ్లాడు. బయట గడియ పెట్టాను. ఆయన ఫోన్ మోగితే కొంప మునుగుతుందని బియ్యం డబ్బాలో మోచేతి లోతున పాతిపెట్టాను. దీన్ని గుర్తుపెట్టుకోండి.

తలుపు తీశాను. యాభై ఏళ్ల మనిషి, గుబురు మీసం.

"మాస్టర్ ఉన్నరా అమ్మా?"

"ఏ మాస్టరండీ? ఇక్కడ మాస్టర్లెవరూ లేరండీ."

"గదే, ఫారిన్ మాస్టర్. రమ్మన్నరు నన్ను."

రమ్మన్నారట! ఎంత తెలివైన వల! "లేరండీ," అన్నాను.

"ఎప్పుడొస్తరు?"

"రారు."

"రారా?"

ఇక్కడ ఆగి ఉంటే బతికిపోయేదాన్ని. కానీ అబద్ధం చెప్పేవాళ్లకి ఒక రోగం ఉంటుంది, ఒకటి చెప్పాక దానికి నగలు పెట్టాలనిపిస్తుంది. "వాళ్ల దేశం వెళ్లిపోయారండీ. నన్నూ పిల్లల్నీ వదిలేసి," అన్నాను. ఆ మాట అనగానే నాకు నిజంగానే ఏడుపొచ్చింది. పన్నెండు రోజుల తర్వాత అదే జరుగుతుందేమోనని నెల రోజులుగా దాచుకున్న ఏడుపది. ధారగా వచ్చింది.

ఆయన మొహం మారిపోయింది. "అయ్యో చెల్లె! గింత మంచి సంసారం... మరి గీ చెప్పులెవరివి?"

గుమ్మం బయట నోప్ తోలు చెప్పులు. వాళ్ల ఊరివి, బయట విడవకుండా ఆయన గడప దాటడు.

"ఆయనవేనండీ. అన్నీ వదిలేసి వెళ్లారు. మమ్మల్నీ, చెప్పుల్నీ."

"చెప్పుల్లేకుండనే పోయిండా?"

"అంత కోపం మీద వెళ్లారు."

అప్పుడు బాత్రూంలో తుమ్ము వినిపించింది. రోకలికి మిరపకాయ ఘాటుంది కదా.

"ఎవరు చెల్లె?"

"మా అత్తగారు." నాకు అత్తగారు లేరు. ఉన్నా అంత గట్టిగా తుమ్మేవారు కాదు.

కంగారులో మర్యాద కూడా చేశాను. బాల్కనీలో చిన్న మండపంలో నోప్ వాళ్ల ఇంటి దేవతకి రోజూ స్ట్రా వేసి ఎర్ర కూల్‌డ్రింక్ పెడతాడు. ఆ సీసా తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. ఆయన తాగి, కళ్లు తుడుచుకుని, "ఫికర్ చెయ్యకు చెల్లె, దేవుడున్నడు" అని మెట్లు దిగాడు. దిగుతుంటే కనబడ్డాయి, ఖాకీ ప్యాంటు కింద నీలం పట్టీల హవాయి చెప్పులు.

గడియ తీశాను. నోప్ బాల్కనీలోంచి తొంగిచూశాడు.

"గాయన నారాయణ గద! జూనియర్ ఆర్టిస్ట్. రేపు మెట్లమీదికెల్లి పడే సీనున్నది, నడుం నొస్తది, జర నేర్పమన్నడు. ఎందుకు పంపినవ్?" మండపంవైపు చూశాడు. "దేవత కూల్‌డ్రింక్ గూడ ఇచ్చినవా?"

తాడును చూసి పామనుకున్నవాళ్లు లోకంలో చాలామంది ఉన్నారు. ఆ తాడుకి పూజచేసి కూల్‌డ్రింక్ పోసింది మాత్రం నేనే. సోఫాలో పడి పొట్ట పట్టుకుని నవ్వాను. నెల తర్వాత అదే మొదటి నవ్వు. అరగంట నవ్వాను. మాలి కనబడకపోతే, రోజూలాగే కాంతమ్మగారింట్లో ఆడుకుంటోంది అనుకున్నాను.

అయిదున్నరకి వాచ్‌మన్ యాదగిరి పైకొచ్చాడు. యుద్ధం గెలిచినవాడి మొహం.

"అమ్మా, పోలీసాయన వచ్చిండు. నేనే మాట్లాడి పంపిన."

"అతను పోలీసు కాదు యాదగిరీ, ఆర్టిస్ట్," అన్నాను, ఇంకా నవ్వుతూనే.

"గాయన గాదమ్మా. ఎనకొచ్చిన హెడ్ కానిస్టేబుల్. బండి మీద, ఫైలు పట్టుకొని. సారుకి మూడుసార్లు ఫోన్ చేసిండంట, ఎత్తలేదంట. నిన్నెందుకు ఏడిపియ్యాలె మళ్ల, అందుకే నేనే చెప్పిన. ఆయన పొయ్యిండు సార్, పిల్లల్ని ఇడిసిపెట్టిండు, కాళ్లకు చెప్పులు గూడ లేవు అని. రాసుకొని పొయ్యిండు."

బియ్యం డబ్బాలో చేయి పెట్టాను. మూడు మిస్డ్ కాల్స్. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇంటి మొగుణ్ణి బాత్రూంలో దాచి, ఫోన్ బియ్యంలో పాతితే హెడ్ కానిస్టేబులైనా పట్టలేడు.

"నీకెవరు చెప్పారు యాదగిరీ, ఆయన వెళ్లిపోయారని?"

యాదగిరి గుమ్మంలో నిలబడ్డ నోప్‌ని అప్పుడు చూశాడు. నోరు తెరిచాడు.

"పాప చెప్పింది."

చెప్పులున్న చోటుకేసి చూశాను. లేవు.

నేను ఏడుస్తూ ఆ మాటలు చెబుతున్నప్పుడు మాలి నా వెనకే నిలబడి ఉంది. నాన్న బాత్రూంలో ఉన్నాడని దానికి తెలియదు. పోలీసుకి అమ్మ అబద్ధం చెబుతుందని అసలే తెలియదు. నేను గడియ తీసేలోపే ఆ చెప్పులు చేత్తో పట్టుకుని, నాన్నకి అందిద్దామని గేటు దాకా పరిగెత్తింది.

మేం కిందికి దిగేసరికి యాదగిరి కుర్చీలో కూర్చుని ఉంది. ఒళ్లో రెండు చెప్పులు. రోడ్డుకేసి చూస్తోంది. నోప్ పిలిస్తే తల తిప్పింది. పరిగెత్తుకుంటూ వస్తుందనుకున్నాను. రాలేదు. కుర్చీ దిగి, చెప్పులు రెండూ ఆయన పాదాల ముందు జోడుగా పెట్టింది.

"వేసుకుని వెళ్లు నాన్నా. రోడ్డు మీద రాళ్లున్నాయి."

నవ్వుల జ్ఞాపకం రాస్తానని మొదలుపెట్టాను. ఈ ఒక్క వాక్యం దగ్గర మాత్రం నన్ను వదిలేయండి.

తరుణ్ ఇంకా ట్యూషన్ నుంచి రాలేదు, ఆటోలో ముగ్గురం స్టేషన్‌కి వెళ్లాం. మాలి వాళ్ల నాన్న చొక్కా వదల్లేదు. హెడ్ కానిస్టేబుల్ అసలు బూట్లలో ఉన్నాడు. ఈసారి ముందు కాళ్లే చూశాను. నోప్‌ని కిందనుంచి మీదదాకా చూశాడు.

"నాలుగింటికి బ్యాంకాక్ పొయ్యి, ఆరింటికి వచ్చిండా? ఏ ఫ్లైటమ్మా గది?"

జరిగిందంతా చెప్పాను. మధ్యలో రెండుసార్లు పెన్ను కిందపెట్టి నుదురు రుద్దుకున్నాడు.

"అంటే, దొంగ పోలీసుకి దొంగ మాట చెప్పినవ్. అసలు పోలీసొస్తే ఫోన్ బియ్యంలో పెట్టినవ్. సదువుకున్నవా అమ్మా?"

"ఎమ్మెస్సీ అండీ."

"గందుకే." పెన్ను మూత పెట్టాడు. "అడ్రస్‌ల లేడని రాసి పంపిన. మార్చాలంటే ఈడనే ఉంటున్నడని ఇరుగుపొరుగు రాసియ్యాలె. ఎవరన్న ఉన్నరా?"

పొరుగంటే కాంతమ్మగారు. అయినా ఆవిడ పేరే చెప్పాను. హెడ్ కానిస్టేబుల్ ఏదో గుర్తొచ్చినట్టు పక్క అలమారలోంచి ఒక కాగితం తీశాడు. "మీ ఓనరమ్మ పోయిన వారమే ఇచ్చింది." పైకి చదివాడు:

"నా పై వాటాలో కాపురముంటున్న విదేశీయుడు ప్రతి సాయంత్రం తప్పకుండా నా నెత్తిమీద దూకుతున్నాడు. మనిషి మంచివాడే. డబ్బు పుచ్చుకోడు, బొప్పాయికాయలు పుచ్చుకుంటాడు. దూకుడు మాత్రం ఆపించవలెను."

కళ్లు మూసుకున్నాను. నెల రోజులు నేను భయపడ్డ కాగితం అదే. పొద్దున మెట్లమీద బెదిరించేటప్పటికే ఇచ్చేసిందన్నమాట.

హెడ్ కానిస్టేబుల్ మీసాలు కదిలాయి. "ఇంతకన్న సాక్ష్యమేం గావాలె? ఉంటేనే గద దుంకేది!" అంతలోనే మొహం గంభీరం చేసుకున్నాడు. "నేను మళ్ల రాస్త. కానీ మొదటిది పొయ్యింది గద, మీది సారు ఏమంటడో నాకు తెల్వదు. పొద్దుగాల తొమ్మిదింటికి ఇంటికొస్త. మనిషి కనబడాలె. పిల్లల్ని గూడ అడుగుత."

ఆ రాత్రి నోప్ చెప్పులు మాలి మంచం కింద పెట్టుకుంది. ఇది రాస్తున్నప్పుడు కూడా అవి అక్కడే ఉన్నాయి. వీసా గడువు మళ్లీ మళ్లీ పొడిగించారు. మా అమ్మాయి మాత్రం ఆ చెప్పులకి గడువివ్వలేదు, ఆయన బయటికి వెళ్లాలంటే అడిగి తీసుకోవాలి.

కాబట్టి, ఇంటి దేవత సాక్షిగా, కొత్త ఎర్ర సీసాలో స్ట్రా వేసి చేసిన ప్రతిజ్ఞ ఇది: ఖాకీ కనబడినా, కాషాయం కనబడినా, కిరీటం పెట్టుకుని సాక్షాత్తూ యముడే వచ్చి బెల్లు కొట్టినా, నా మొగుడు ఉన్నాడనే చెబుతాను. బియ్యం డబ్బాలో బియ్యమే పెడతాను.

మర్నాడు ఎనిమిదిన్నరకి, పిల్లలిద్దరినీ సోఫాలో కూర్చోబెట్టాను. తరుణ్ అలవాటుగా అందుకున్నాడు. "నాన్న ఏమీ చెయ్యరు. గాలి పీలుస్తారు. మనం బొప్పాయికాయలు తినం."

"అవన్నీ మర్చిపోండి," అన్నాను. "ఏమడిగితే అది, ఉన్నది ఉన్నట్టు చెప్పండి."

"బొప్పాయికాయలు కూడానా?" అంది మాలి.

"బొప్పాయికాయలు కూడా. ఇంకోటి. నిన్న అమ్మ చెప్పింది అబద్ధం. నాన్న ఎక్కడికీ వెళ్లలేదు, బాత్రూంలో ఉన్నాడు. అమ్మే గడియ పెట్టింది."