నాటకంలో నా తండ్రి వేషం వేసినవాడు

జనగామ కాలేజీలో వార్షికోత్సవానికి ఒక పాత విషాద నాటకం వేశాం. పగబట్టిన రెండు కుటుంబాలు, వాటి నడుమ ప్రేమించుకుని చచ్చిపోయే ఇద్దరు. నాయిక వేషం నాది. నాయకుడి వేషం జఫర్‌గఢ్ భూస్వామి కొడుకుది.

మాది కిరాణా దుకాణం. అరవైతొమ్మిది ఉద్యమంలో ఒక బందు రోజున దాన్ని మూయించడానికి వచ్చిన గుంపును నడిపించింది ఆ అబ్బాయి అన్నే. తోపులాటలో బాపు చెయ్యి విరిగింది. ఏళ్లు గడిచినా ఆ ఇంటి పేరెత్తితే బాపు మొహం మాడిపోయేది.

"వాని పక్కన నిలబడి ప్రేమ మాటలు చెప్తవా?" అన్నాడు.

"నాటకమే గద బాపూ."

"గిసొంటియి నాటకంలనే షురువైతయి."

లెక్చరర్ ఇంటికొచ్చి బతిమాలితే ఒప్పుకున్నాడు గాని, రిహార్సళ్లకు అమ్మను వెంట పంపాడు. అమ్మ వెనక బెంచీలో కూర్చుని ఒత్తులు చేసుకుంటూ చూసేది. ఇంటికి రాగానే బాపు విచారణ మొదలయ్యేది.

"చెయ్యి పట్టుకున్నడా?"

"నాటకంల ఉన్నకాడికే."

"బయట ఏమన్న మాట్లాడిన్రా?"

"లేదన్న గద."

అయినా నమ్మేవాడు కాదు. దుకాణం మీదుగా ఆ అబ్బాయి సైకిల్ పోతే, అది మలుపు తిరిగేదాకా చూసేవాడు.

నాటకం రోజు బాపు అమ్మతో కలిసి ముందు వరసలో కూర్చున్నాడు. చూపంతా నాయకుడి మీదే. ఆఖరి రంగంలో నేను చచ్చిపడి ఉన్నాను. నా తండ్రి వేషం వేసింది మొగుళ్లపల్లి రైతు కొడుకు. అతికించుకున్న తెల్లమీసాలతో నా పక్కన కూలబడి, దుప్పటి కింద నా చెయ్యి పట్టుకుని ఏడ్చాడు. రిహార్సళ్లలో ఎన్నడూ రాని కన్నీళ్లు ఆ రోజు నా చెంప మీద పడ్డాయి. నేనూ అతని చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

మర్నాడు పొద్దున అమ్మ నా జడ అల్లుతూ మెల్లగా అడిగింది.

"సచ్చిపోయిన పిల్ల చెయ్యి ఎట్ల కదిలింది?"

నేను చేతిలోని రిబ్బను వెనక్కి అందించాను.

"మీ బాపు ఒగన్ని జూస్తుండె, నువ్వు ఇంకొగన్ని జూస్తున్నవు," అంది. జడ పూర్తిచేసి లేచిపోయింది.

మొగుళ్లపల్లి అతనికి బడిలో ఉద్యోగం వచ్చేదాకా ఆమె ఆ సంగతి తనలోనే దాచుకుంది. తర్వాత మా పెళ్లి మాట తనే బాపుకు చెప్పింది. కులం వేరని బాపు నాతో మాట్లాడడం మానేశాడు. ఇదంతా జఫర్‌గఢ్ వాళ్లు పగతో చేయించారని ఆయన అనుమానం. మొగుళ్లపల్లికి మనిషిని పంపి ఆరా తీయించాడు. ఏ తప్పూ దొరకలేదు. పెళ్లికి మాత్రం అమ్మ ఒక్కతే వచ్చింది.

ఎనభైల్లో మేము భూపాలపల్లిలో ఉండగా బాపు మొదటిసారి మా ఇంటికొచ్చాడు. మా ఆయన పాలకు పోగానే తలుపు దగ్గరికేశాడు.

"నిజం చెప్పు బిడ్డా, మంచిగ జూస్కుంటున్నడా?"

"మంచిగనే జూస్కుంటున్నడు బాపూ."

తల ఊపాడు. కాసేపటికి పెరట్లోకి పోయి, గోడ అవతల బట్టలు ఆరేస్తున్న పక్కింటి అక్కను అదే మాట అడుగుతుంటే నాకు వినబడింది.